ఆటలో గణితము: పావులూరి మల్లననుండి నేటి పాఠశాల వరకు

లెక్కల తరగతి యనగానే జంకు బాలుడే వీధి అరుగుపై అష్టాచెమ్మా ఆడునపుడు, గవ్వలు నిలువకముందే ఎన్ని గడులు జరుగవలెనో చెప్పగలడు. వామనగుంటలాడు బాలిక ఏ గుంటనుండి చింతపిక్కలు తీసి పంచినచో చివరి గింజ ఎచట పడునో చూపుతోనే నిర్ణయించును. బడిలో రాని లెక్క ఆటలో ఎట్లు వచ్చుచున్నది? ఉపాధ్యాయులను నేటికిని వేధించు ప్రశ్న ఇది. దీనికి తెలుగునాట చాల ప్రాచీనమైన సమాధానమొకటి కలదు.

బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలమున పావులూరు అను గ్రామమున్నది. ఇది 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిమ్మట 2022 వరకు ప్రకాశం జిల్లాలోను ఉండెను. తెలుగులో తొలి శాస్త్రగ్రంథములలో ఒకటియైన ‘సారసంగ్రహ గణితము’ను రచించిన పావులూరి మల్లన ఇంటిపేరు ఈ ఊరిదే యని పండితుల అభిప్రాయము. ఆ వంశమున మల్లన యను పేరు గలవారు తాతామనుమలు ఇరువురుండుటచే కాలనిర్ణయమున భేదాభిప్రాయములు గలవు. రాజరాజ నరేంద్రుని కాలమైన 11వ శతాబ్దికి, ఆ తరువాతి శతాబ్దికి నడుమ ఈ గ్రంథము పుట్టినదని చెప్పవచ్చును. నేడు మిరపకు పేరొందిన ఈ సీమలో ఆనాడు మిరప లేదు. అది అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకుల వెంట ఈ దేశమునకు వచ్చినది.

మల్లన గ్రంథమునకు మూలము మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసారసంగ్రహము’. మహావీరుడు 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమువాడు. ఆయన పుస్తకమును రంగాచార్యులు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. అందలి లెక్కలలో తుమ్మెదలు, నెమళ్లు, ఏనుగుల మందలు సంచరించును. ఒక లెక్క చూడుడు. కొన్ని మామిడిపండ్లలో ఆరవ వంతు రాజు తీసికొనెను. మిగిలినవానిలో అయిదవ వంతు రాణి తీసికొనెను. ఆపై మిగిలినవానిలో వరుసగా నాల్గవ వంతు, మూడవ వంతు, సగము ముగ్గురు కుమారులు తీసికొనిరి. కడపటి పిల్లవానికి మూడు పండ్లు మిగిలెను. మొత్తము పండ్లెన్ని? సమాధానము 18. భిన్నములు వేరువేరైనను అందరికిని మూడేసి పండ్లే వచ్చినవని తుదకు తెలిసినపుడు విద్యార్థి నవ్వును. భిన్నములయందు భయము పోవుటకు ఆ నవ్వు చాలును.

హారమువలె ఎటు చూచినను ఒకే తీరుగా నుండు లబ్ధములును అందు గలవు. 152207ను 73చే గుణింపగా 11111111 వచ్చును. 27994681ని 441చే గుణింపగా 12345654321 వచ్చును. ఇట్టి గుణకారమును బాలుడు దండనకు వెరచి చేయడు. చివర ఏమి కనబడునో యను కుతూహలముతో చేయును. పొరపాటు జరిగినచో హారము తెగును గనుక, తప్పు తానే కనుగొనును.

మల్లన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి చదరంగపు పలకపై లెక్కకు సంబంధించినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు 64 గడులు నింపినచో మొత్తమెంత? ఆ పద్యము సమాధానమును అంకెలతో గాక మాటలతో చెప్పును. చంద్రుడనగా 1, అగ్ని యనగా 3, వేదములనగా 4, శరములనగా 5, గగనమనగా సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు పేర్చుకొనుచు పోగా 18446744073709551615 అను సంఖ్య వచ్చును. ఇరువది అంకెలలో ఒక్కటియు తప్పలేదు. పద్యము కంఠస్థమైనవానికి సంఖ్యయు కంఠస్థమే. ఇచట జ్ఞాపకము అర్థమునకు తోడుగా నిలిచినది.

ఈ తోడు తరువాతి కాలమున చాలచోట్ల తెగిపోయినది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలలపై కలెక్టర్ల నివేదికలు కోరెను. బళ్లారి కలెక్టరు, తెలుగు వ్యాకరణకర్త అయిన ఎ.డి. కాంబెల్ 1823లో సవివరముగా వ్రాసెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుటను అతడు మెచ్చుకొనెను. కాని వారు వల్లించు పద్యముల అర్థము వారికి తెలియదనియు, చదువు చిలుకపలుకు అగుచున్నదనియు విచారించెను. ఎక్కములను రాగముతో పాడుట వినసొంపే. పాడిన దానిని వాడుట తెలియకున్న అది పాటగానే మిగులును.

20వ శతాబ్దిలో ఈ లోపమును దిద్దుటకు పలు యత్నములు జరిగినవి. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని ప్రతిపాదించెను. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారునకు వచ్చి, పూసలు, దిమ్మెలు మొదలగు వస్తువులతో బోధించు విధమును ఉపాధ్యాయులకు నేర్పెను. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1984లో ప్రయోగముగా ఆరంభమై, 1989నుండి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము కృత్యములద్వారా నేర్చుకొనుటను, పరిసరములను ఉపయోగించుటను ముఖ్యసూత్రములుగా గ్రహించినది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికద్వారా పిల్లలకు విజ్ఞానమును అందించినది.

ఈ యత్నములకు విలువగల పరికరములే కావలెనని లేదు. పత్తి తీతల కాలమున 30 గ్రాముల పత్తి తెచ్చి, గింజను, దూదిని వేరుచేసి తూచవచ్చును. దూది సుమారు మూడవ వంతు ఉండును. దానినిబట్టి క్వింటాలు పత్తికి దూది ఎంతయో త్రైరాశికముచే తేల్చవచ్చును. పండు మిరపకాయలను ఎండబెట్టి ప్రతిదినము తూచి రేఖాపటము గీచినచో, తేమ మొదట వేగముగాను, పిమ్మట మెల్లగాను పోవుట కనబడును. చదరంగపు గడులలో బియ్యపుగింజలు పేర్చవచ్చును. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకొన్నచో మొదటి పది గడులకు 26 గ్రాములు చాలును. ఇరువది గడులకు 26 కిలోలు కావలెను. అరువదినాలుగింటికి దాదాపు 46,000 కోట్ల టన్నులు! ప్రపంచమంతయు ఏటా పండించు బియ్యము సుమారు 50 కోట్ల టన్నులే.

అష్టాచెమ్మాలోను ఒక ప్రయోగమున్నది. ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలను 160 సార్లు వేసి, తెల్లవైపు పైకి వచ్చినవెన్నో ప్రతిసారి గుర్తింపవలెను. రెండు వైపులకు సమానావకాశమున్నచో సున్న, ఒకటి, రెండు, మూడు, నాలుగు పడుట వరుసగా 10, 40, 60, 40, 10 సార్లకు దగ్గరగా నుండవలెను. అష్ట, చెమ్మ అరుదుగా పడుటకును, వానికి విలువ హెచ్చుగా నుండుటకును కారణమిదియే. ఫలితము వేరుగా వచ్చినచో పిక్కలు సమముగా అరగలేదేమో పరీక్షింపవలెను. ఈ 1, 4, 6, 4, 1 అను వరుసను ఇచ్చు సంచయ సూత్రమును మహావీరుడే చెప్పియున్నాడు.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఆట ముగిసిన పిదప ‘ఎందుచేత?’ అను ప్రశ్న రాకున్నచో అది కాలక్షేపమే యగును. మల్లన గణితము ఆనందమును పాఠమునకు పైపూతగా పూయలేదు. లెక్కలోనే దాగిన ఆనందమును తెలుగు మాటలలో బయటికి తీసెను. చింతపిక్కలు, బియ్యపుగింజలు, ఒక మంచి ప్రశ్న ఉన్న ఏ తరగతిలోనైనను ఆ పని నేడును సాధ్యమే.