మోటుపల్లి అభయ శాసనం

మధ్యయుగంలో సముద్ర వ్యాపారికి తుఫాను ఒక్కటే గండం కాదు. ఓడ దెబ్బతిని సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది ఎవరికి చెందాలన్నది అంతకన్నా పెద్ద చిక్కు. సముద్రం తెచ్చి పడేసింది తమదేనన్నది తీరాన్ని ఏలే రాజుల లెక్క. ప్రాణాలకు తెగించి తెచ్చుకున్న సొత్తు పరాయి నేలను తాకినంత మాత్రాన ఎలా పోతుందన్నది వ్యాపారి గోడు. ఈ ఆచారం ఒక్క తెలుగు తీరానిదే కాదు. మలబారులోనూ అలాంటి సరుకు ఖజానాకే పోయేదనీ, కాలికట్‌లో మాత్రం సొంతదారుకు దక్కేదనీ 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబన్ బతూతా రాశాడు.

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో (నేటి బాపట్ల జిల్లా) వేయించిన శాసనం ఈ తగవును సూటిగా తేల్చింది. గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల నుంచి పూర్వపు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వం లాక్కునేవారని అది దాచకుండా చెబుతుంది. ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని మాట ఇస్తుంది. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒకటి. చందనం, చైనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టుదారం, మిరియాలు వంటి సరుకుల మీద రేట్లు విడిగా చెక్కించారు. భాష తెలియని వ్యాపారితో రేవు అధికారి బేరమాడి ఎక్కువ గుంజే వీలు దాంతో తగ్గింది. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఈ అభయమని శాసనం చెప్పుకుంది. రాజుకు లాభమూ లేకపోలేదు: దోపిడీ భయమున్న రేవుకు ఓడలు రావు, ఓడలు రాకపోతే సుంకమూ రాదు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ సీమను ఆ రేవు పేరుతోనే, ‘ముత్ఫిలి’ అని వర్ణించాడు.

1323లో కాకతీయ రాజ్యం కూలింది. రేవును మళ్లీ నిలబెట్టడానికి, ఆ తర్వాత ఈ తీరాన్ని ఏలిన రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అక్కడే కొత్త శాసనం వేయించాడు. వచ్చిన వ్యాపారి తన సరుకును ఇష్టమైనవారికి అమ్ముకోవచ్చు, వెళ్లాలనుకుంటే ఎవరూ ఆపరు. కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిపై రాజు హక్కునూ రద్దు చేశాడు. దూరదేశంలో కన్నుమూసే వర్తకుడికి ఇది చిన్న భరోసా కాదు. ఓడ మునిగినప్పటి భయాన్ని గణపతిదేవుడు తీర్చాడు. విదేశీయుడు ఒడ్డున బతికే రోజుల చిక్కులను ఎక్కువగా పట్టించుకున్నది మాత్రం రెడ్డిరాజు శాసనమే.