చెల్లని ముక్కల చరిత్ర

మన పేకాటలో ముక్కకు యజమాని లేడు. రమ్మీ ఆడడానికి కూర్చున్నవారికి కట్ట ఎవరు తెచ్చారన్నది పట్టదు. ఏ కొట్లో కొన్నా అవే 52 ముక్కలు, అవే జోకర్లు. కాబట్టి "ఈ ముక్క ఆటలో చెల్లుతుందా?" అన్న ప్రశ్న మనకు ఎదురుకాదు. ప్రతి ఆటగాడూ తన కట్టను తానే కొని, తానే కూర్చుకొని వచ్చే ఆట ఒకటి 1993లో అమెరికాలో వెలువడింది. ఆ ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా దానికి తుది సమాధానం దొరకలేదు.

ఆ ఆట పేరు మ్యాజిక్: ద గ్యాదరింగ్. గణితశాస్త్రం చదివిన రిచర్డ్ గార్ఫీల్డ్ దాని రూపకర్త. విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే సంస్థ 1993 ఆగస్టులో దాన్ని విడుదల చేసింది. ముక్కలను మూసిన పొట్లాలలో అమ్మేవారు. విప్పితే గాని లోపల ఏమున్నదీ తెలియదు. కొన్ని విరివిగా దొరికేవి, కొన్ని బహు అరుదు. ఆటగాళ్ళు తలా కాసిని పొట్లాలు కొని తమలో తాము మార్చుకుంటారనీ, బలమైన ముక్కలు ఏ గుంపులోనైనా ఒకటో రెండో ఉంటాయనీ రూపకర్త అంచనా. అందుకే తొలి నియమాలలో కట్టకు కనీసం 40 ముక్కలుండాలన్నారే తప్ప, ఒకే ముక్కను ఎన్ని ప్రతులు పెట్టుకోవచ్చో చెప్పలేదు. ఆ అంచనా తప్పింది. జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. ఆటకు ఇంధనం వంటి "మానా"ను ఏ ఖర్చూ లేకుండా మూడు పాళ్ళు అందించే బ్లాక్ లోటస్ వంటి ముక్కలు ఒకరి కట్టలోనే పోగుపడితే, ఎదుటివాడు తన వంతు కోసం కూర్చోవడమే మిగిలేది.

టోర్నమెంట్ల కోసం తొలి ఆంక్షల జాబితా 1994 జనవరిలో వచ్చింది. కట్టకు కనీసం 60 ముక్కలు, ఒకే పేరుగల ముక్క 4 ప్రతులకు మించరాదు అన్న నియమాలు కూడా ఆ తొలి రోజుల్లోనే స్థిరపడ్డాయి. జాబితాలో రెండు తరగతులున్నాయి: నిషిద్ధం, పరిమితం. తొలినాళ్ళలో ఆటగాళ్ళు చెరొక ముక్కను పందెం ఒడ్డి, గెలిచినవాడు రెండూ పట్టుకుపోయే పద్ధతి ఉండేది. ఆ పందేనికి సంబంధించిన ముక్కలను పూర్తిగా నిషేధించారు. బ్లాక్ లోటస్ వంటి మహాబలశాలులను మాత్రం నిషేధించలేదు. కట్టకు ఒక్కటే అని పరిమితం చేశారు.

ఈ తేడాను కొంచెం నిలిచి చూడాలి. బలం ఎక్కువైనందుకు ఒక ముక్కను పూర్తిగా తీసివేస్తే ఆటకు మేలే కావచ్చు. కాని దాన్ని డబ్బు పెట్టి కొన్నవాడి మాటేమిటి? "ఒక్కటైనా ఆడుకో" అనడం ఆ కొనుగోలుకు ఇచ్చిన మర్యాద. ముక్కను అమ్మేదీ, చెల్లదనేదీ ఒకే సంస్థ అయినచోట ఆ మర్యాద చిన్నది కాదు.

1995 జనవరిలో మరొక దారి తెరిచారు. పాత ముక్కలు కొత్తవారికి అందుబాటులో లేవు కనుక, ఇటీవలి సెట్లు మాత్రమే చెల్లే "టైప్ 2" విభాగాన్ని ఏర్పరచారు. అదే తరువాత స్టాండర్డ్ అయింది. అన్నీ చెల్లే పాత విభాగం వింటేజ్ అయింది. కొత్త సెట్లు వచ్చేకొద్దీ పాతవి స్టాండర్డ్ నుంచి తప్పుకుంటాయి. కొత్తవాడికి ఇది న్యాయమే. అయితే నేడు కొన్న ముక్కకు గడువు తీరే రోజు కొన్ననాడే ఖాయమవుతుంది. ఆపైన మళ్ళీ కొనవలసిందే.

అదే ఏడాది క్రానికల్స్ అనే సెట్టులో పాత ముక్కలెన్నింటినో తిరిగి అచ్చువేశారు. తమ ముక్కల విలువ పడిపోయిందని సేకర్తలు మండిపడ్డారు. దాంతో 1996లో సంస్థ ఒక వాగ్దానం చేసింది: ఫలానా ముక్కలను ఇక ఎన్నడూ మళ్ళీ అచ్చువేయబోము. ఆ మాట సేకర్తకు రక్ష, ఆటగాడికి అడ్డుగోడ. నియమం ప్రకారం ముక్క చెల్లుతుంది, కొనబోతే ధర అందదు. ఆ గోడను కూల్చలేక, 2011లో దాని పక్కనే మరో ఇల్లు కట్టారు: 2003 నాటి ఎనిమిదవ ఎడిషన్ నుంచి వచ్చిన సెట్లే చెల్లే మోడర్న్ విభాగం.

నిషేధాలు మాత్రం ఆగలేదు. 1999లో మెమరీ జార్ అనే ముక్కను విడుదలైన కొన్ని వారాలకే అత్యవసరంగా నిషేధించవలసి వచ్చింది. 2011 జూన్‌లో స్టాండర్డ్‌లో రెండు ముక్కలను నిషేధిస్తే, వాటిలో ఒకటైన స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్ సంస్థే సిద్ధంగా కూర్చి అప్పటికే అమ్ముతున్న ఒక కట్టలో ఉంది. అందుకని ఒక మినహాయింపు ఇచ్చారు: ఆ కట్టను ఒక్క ముక్కా మార్చకుండా ఆడితే చెల్లుతుంది, మారిస్తే చెల్లదు! అమ్మకందారూ న్యాయమూర్తీ ఒకరే అయినప్పటి ఇరకాటం ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

పరిమితి అనే పాత మర్యాద కూడా 2020లో ఓడింది. లురస్ అనే ముక్క కట్టకు వెలుపల "తోడు"గా నిలిచి, అవసరమైనప్పుడు ఆటలోకి వస్తుంది. దానికి ఒక్క ప్రతే చాలు. ఇక ఒకటికి పరిమితం చేసి ఏం లాభం? ఆ మేలో వింటేజ్‌లో దాన్ని నిషేధించారు. తోడు నియమాన్నే మార్చిన తరువాత 2021లో నిషేధం ఎత్తివేశారు.

చివరి ఘట్టం కమాండర్ విభాగానిది. ఇది అభిమానులు పుట్టించిన ఆట. దీని నియమాలను సంస్థ కాక ఆటగాళ్ళతో కూడిన ఒక స్వతంత్ర సంఘం చూసేది. అమ్మేవాడు, తీర్పరి వేరువేరుగా ఉండాలని కోరుకునేవారికి ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. 2024 సెప్టెంబరు 23న ఆ సంఘం నాలుగు ముక్కలను నిషేధించింది. వాటిలో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ బాగా ఖరీదైనవి. సంఘ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి విభాగం నిర్వహణను విజర్డ్స్‌కే అప్పగించారు.

సంస్థ నిషేధిస్తే లాభాపేక్ష అన్నాం. సాటి ఆటగాళ్ళు నిషేధిస్తే వారిని బతకనివ్వలేదు. ముక్క మనదే గాని, అది చెల్లడం అందరిదీ. ఆ రెండో సగాన్ని కూడా కొనుక్కున్నామనే భ్రమ పోనంతకాలం, ఈ ఆటకు ఎంత మంచి తీర్పరి వచ్చినా నిలవడం కష్టమే.