కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో, రోడ్డుకూ అలలకూ మధ్య ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కురుసుర. సర్వీసు ముగిసిన యుద్ధనౌకలు చాలావరకు తుక్కుకే పోతాయి. ఇది మ్యూజియం అయింది.

సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న రీగాలో భారత నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పించారు. ముక్కలు చేయకుండా జనానికి చూపించాలన్న ఆలోచన వైస్ అడ్మిరల్ వినోద్ పస్రిచాది.

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. పొడవు 91 మీటర్లు, బరువు రెండు వేల టన్నులకు దగ్గర. దాన్ని ఇప్పుడున్న చోటికి లాక్కురావాల్సిన దూరం 600 మీటర్లే అయినా ఏడాదిన్నర పట్టింది, అయిదున్నర కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. ఆ నెల 24 నుంచి సందర్శకులను లోపలికి పంపుతున్నారు. నిర్వహణ నగరాభివృద్ధి సంస్థ వుడాది, అంటే నేటి వీఎంఆర్‌డీఏది.

లోపల నడవా ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాల్సినంత ఇరుకు. ఒక అర నుంచి మరో అరకు వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి కాలెత్తి, తల వంచి దూరాలి. గోడల నిండా చక్రాలు, గొట్టాలు, మీటర్లు. టార్పెడోల పక్కనే పడక బల్లలు. ఇందులోనే 75 మంది దాకా వారాల తరబడి గడిపేవారు. విశ్రాంత నౌకాదళ సిబ్బందే గైడ్లు కావడం ఈ మ్యూజియానికి అసలు బలం. అద్దాల వెనక బోర్డులు ఇంత చెప్పలేవు.

నీళ్లలోనే ఉంచిన నౌకకు ఈ అదృష్టం దక్కలేదు. విమానవాహక నౌక విక్రాంత్ 1997లో రిటైరయ్యాక ముంబయిలో మ్యూజియంగా ఉండేది. నౌక అడుగుభాగం తుప్పు తింటూనే ఉంటుంది, డ్రై డాక్‌కు చేర్చి బాగుచేయించాలంటే డబ్బు కుమ్మరించాలి. భద్రత కారణంగా 2012లో మూసేశారు. 2014లో సుమారు 60 కోట్లకు వేలంలో అమ్మేశారు. 2017లో విరమించిన మరో విమానవాహక నౌక విరాట్‌ను విశాఖకు తెద్దామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్సాహపడింది గానీ ఆ ప్రయత్నమూ ఫలించలేదు. 2020లో అది గుజరాత్‌లోని అలంగ్ తుక్కు యార్డుకు చేరింది. కురుసురకూ ఉప్పుగాలి బెడద ఉంది, కాకపోతే ఒడ్డున ఉంది కాబట్టి తుప్పు గీకి రంగు వేయడానికి మనిషి చెయ్యి అందుతుంది.

ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 నిఘా విమానం ఉంది. విశాఖకు ఎగిరొచ్చిన దాన్ని విడదీసి, బీచ్ రోడ్డుకు తెచ్చి, మళ్లీ బిగించారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు.