తీపి బిళ్ల వెనక చేతులెవరివి?

చిత్తూరులో మిఠాయి బిళ్లలు చేసే న్యూట్రిన్ కంపెనీని 1952లో బి. వెంకటరామరెడ్డి పెట్టారు. 2006లో దాన్ని గోద్రెజ్ కొనుక్కుంది. 2007లో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ వచ్చి గోద్రెజ్‌తో జతకట్టింది. 2012లో గోద్రెజ్ వాటా కూడా హెర్షీకే పోయింది. ఇదీ అచ్చులో దొరికే చరిత్ర. ఇందులో పెట్టినోళ్లున్నారు, కొన్నోళ్లున్నారు. పాకం కాచినోళ్లు లేరు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడ్డీకొట్ల సీసాల్లో మహాలాక్టో బిళ్లలు చూసిన మనం ఆ బిళ్ల పుట్టుకను కూడా తెలుసుకోవాలి. చక్కెర, గ్లూకోజు ద్రవం కలిపి కాస్తారు. గట్టి బిళ్లకైతే పాకం వేడి సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. చల్లారి గడ్డకట్టేలోపే రంగూ వాసనా కలపాలి, సాగదీయాలి, అచ్చు వెయ్యాలి. తర్వాత కాగితం చుట్టడం, డబ్బాలకెత్తడం, బండ్లకెక్కించడం. వీటితోపాటు ఊడ్చేపని, కడిగేపని. ఒక్కో సెక్షన్‌లో వేడి వేరు, కూలి వేరు, మర్యాద వేరు. అందుకే ఫ్యాక్టరీలో దళితులకు పని దొరికిందా అని అడిగితే సరిపోదు. ఏ సెక్షన్‌లో దొరికిందని అడగాలి.

ఇది ఉత్తి అనుమానం కాదు. బొంబాయి బట్టమిల్లుల్లో అంటరానివాళ్లకు మిగతా పనులు దొరికేవిగానీ మంచి కూలి వచ్చే నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్లు కాదు. కారణం? తెగిన పోగుకు నోటి తడి తగులుతుంది. అది మైలంట! 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ సంగతినే కార్మిక నాయకుల ముందుపెట్టి నిలదీశాడు. నూలుపోగు దగ్గరే ఇంత పట్టింపు ఉంటే, నేరుగా నోట్లోకి పోయే తిండి దగ్గర ఎంతుండాలి?

కుప్పానికి దగ్గర్లోని కోలారు బంగారు గనుల్నే చూడండి. ప్రాణాలకు తెగించి భూమి లోపలికి దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి పోయిన దళితులే. 2001లో మూతపడేదాకా గుంటలోకి దిగడానికి మన కులం అడ్డు రాలేదు. పాకం బాన దగ్గర నిలబడడానికి అడ్డొచ్చిందా, రాలేదా?

ఫలానా కంపెనీ వివక్ష చూపిందని మేము తీర్పు చెప్పడం లేదు. కాగితాలు ఈ ప్రశ్నకు జవాబివ్వవని అంటున్నాం. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఉంచిన కార్మికుల రిజిస్టర్‌లో పేరుండేది, చేసే పని ఉండేది, కులం గడి ఉండేది కాదు. సర్కారు కొలువుల్లో రిజర్వేషన్ ఉంది కాబట్టి లెక్క అడగగలిగాం. ప్రైవేటు ఫ్యాక్టరీకి ఆ నియమం లేదు, లెక్క చెప్పాల్సిన పనీ లేదు. అంటరానితనం నేరాల చట్టం వచ్చిందే 1955లో, అంటే ఈ ఫ్యాక్టరీ మొదలైన మూడేళ్లకు. కాగితం మీద కులం లేనంత మాత్రాన పని దగ్గర లేదని ఎట్లా నమ్ముతాం?

మరి జవాబెక్కడుంది? పనిచేసినవాళ్ల నోట్లో ఉంది. మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల విద్యార్థులు, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం పరిశోధకులు మాలవాడలకూ మాదిగవాడలకూ నడవాలి. న్యూట్రిన్ ఒక్కటే కాదు, బెల్లం గానుగలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పాల డెయిరీలు అన్నీ లెక్కలోకి రావాలి. పనిలో ఎవరు పెట్టించారు? ఏ సెక్షన్‌లో వేశారు? మంచినీళ్లు ఎక్కడ తాగారు? సద్దిమూట ఎవరి పక్కన విప్పారు? ఆడవాళ్లకు ఏ పనులిచ్చారు? యూనియన్‌లో మన మాట చెల్లిందా?

1952లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటింది. యజమానుల చరిత్ర దస్తావేజుల్లో భద్రంగా ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. పోయేది మన అవ్వాతాతల మాటే. దాన్ని ఇప్పుడే రాసిపెట్టుకుందాం.