గృహముఖ వాయుప్రసారము (గౌతమీ తీరము)

యంత్రసాహాయ్యము లేకయే గాలి లోనికి వచ్చి పోవునట్లును, ఎండవేడిమి గదులకు సోకకుండునట్లును ఇంటి వెలిగోడలను, గవాక్షములను, చూరును, వసారాను కూర్చు విద్య మానవుని ప్రాచీన వాస్తుకౌశలములలో నొకటి. గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ విడివడు తావున వెలసిన యానామునందును, దాని పరిధిలో నదీతీరమున నున్న దరియాలతిప్పయందును ఈ విద్యకు రెండు ధర్మములు ఏర్పడినవి. ఇచ్చట వేసవిని దేహమును బాధించునది ఎండతోపాటు గాలిలోని తేమ. చెమట ఆరవలెనన్న గాలి కదలవలెను. కాని చల్లగాలిని పంపు సముద్రమే తుపానును గూడ పంపును. 1839లో కోరంగి రేవును నాశము చేసిన ఉప్పెనయు, 1996 నవంబరులో కోనసీమను, యానామును అతలాకుతలము చేసిన పెనుగాలియు అందుకు నిదర్శనములు. కావున ఇచ్చటి గృహముఖము గాలిని ఆహ్వానింపవలెను, అవసరము కలిగినపుడు అడ్డగింపవలెను.

తీరాంధ్రమున పేదలు కట్టుకొనిన చుట్టిల్లు రెండవ ధర్మమునకే ప్రాధాన్యమిచ్చినది. మట్టిగోడను వలయాకారముగ లేపి, తాటాకు కప్పును నేలకు చేరువగా దింపుటచే పెనుగాలికి మూలల పట్టు దొరకదు. చూరునీడ గోడను ఎండనుండి కాపాడును. కలవారి మండువా లోగిలి మొదటి ధర్మమును పరిపూర్ణముగ నెరవేర్చెను. నడుమ ఆకాశమునకు తెరచిన మండువాలో వేడెక్కిన గాలి పైకి లేచిపోవుచుండ, వసారాల నీడలో చల్లబడిన గాలి ఆ స్థానమును ఆక్రమించును. వీధిగుమ్మమును, పెరటిగుమ్మమును సూటిగా నుంచినచో పైరగాలి ఇల్లంతయు దాటిపోవును. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుట మాత్రము పడమటి వడగాలి పొడిగా వీచు దినములందే ఫలించును. తేమగాలికి అది నిష్ప్రయోజనము.

యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆ పాలనకు రాజధానియైన పుదుచ్చేరిలోనే, తెలుగుదేశపు ధనముతో, ఈ విద్యకు ఆధునిక భారతమున మకుటాయమానమైన కట్టడము లేచినది. అదియే శ్రీ అరవిందాశ్రమమునకు చెందిన గోల్కొండ వసతిగృహము. హైదరాబాదు సంస్థానమున ఉన్నతపదవులందుండిన సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము ప్రభుత్వమునుండి లభించిన లక్షరూపాయల విరాళమే దాని పేరునకు హేతువు. టోక్యోలో పనిచేయుచుండిన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ 1930ల మధ్యమున రూపకల్పన నారంభింపగా, జార్జి నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ నిర్మాణమును నడిపించిరి. దాని దీర్ఘముఖములు రెండును ఉత్తర దక్షిణములకు తిరిగియుండుటచే తూర్పు పడమటి ఎండలు గదులలో చొరవు. ఆ ముఖములందు అద్దములకు బదులు నిడుపాటి ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు అడ్డముగా అమర్పబడినవి. వాటిని త్రిప్పి గాలికి తెరువవచ్చును, వానకు మూయవచ్చును. గదులకు నడవవైపున నున్న జరుపుడు టేకు తలుపులు చీలికల పలకలతో చేయబడినందున, తలుపు మూసియున్నను గాలికి ఆటంకము లేదు. పైకప్పుపై వంపు కాంక్రీటు పెంకులను పరచి, నడుమ గాలిపొర నుంచుటచే మిద్దె వేడి క్రిందికి దిగదు. చుట్టింటి రక్షణయు మండువా ఊపిరియు ఒకే గోడలో కలిసిన ఈ నిర్మాణమునకు, తీరదేశపు గృహములలో సాటి కానరాదనుట అతిశయోక్తి కాదు.

పిమ్మట కాంక్రీటు డాబాలును, శీతలయంత్రములును వ్యాపించుటతో ఈ వివేకము మరుగున పడెను. వసారా లేని గోడ పగలెల్ల వేడిని త్రాగి రాత్రి గదిలోనికి విడుచుచుండ, ఆ వేడిని తోడివేయుటకు విద్యుత్తు వ్యయమగుచున్నది. శీతలయంత్రపు ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచినను విద్యుత్తులో సుమారు 6 శాతము మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. ఎండ తగులని గోడ ఎంతటి పొదుపును చేకూర్చునో దీనివలన ఊహింపవచ్చును.

అయినను హైదరాబాదున 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాము ప్రారంభించిన సోరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమున వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ జాలీగోడలను, నడిముంగిటిని, గాలిగోపురములను మరల ప్రవేశపెట్టెను. 2018లో వెలువడిన ‘ఎకో నివాస్ సంహిత’ గృహములకు ప్రమాణములు నిర్ణయించినది. దాని ప్రకారము యానామువంటి ఉష్ణార్ద్ర ప్రాంతములందు తెరువదగిన కిటికీ, తలుపుల వైశాల్యము నేలవైశాల్యములో 16.66 శాతమునకు, అనగా ఆరవ వంతునకు, తగ్గరాదు. బిగించిన అద్దము ఎంత విశాలమైనను ఈ లెక్కలోనికి రాదు.