పెంపకం పోలిక: పశ్చిమ ప్రకాశం క్రైస్తవంలో తండ్రి, కాపరి, సాకిన జీవం

దేవుడికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని, కన్నవారు బిడ్డలను పెంచే తీరుతోనూ ఇంటివారు జీవాలను సాకే తీరుతోనూ పోల్చి గ్రహించే క్రైస్తవ సంప్రదాయాన్ని పెంపకం పోలిక అనవచ్చు. బైబిలు కాలం నుంచీ ఉన్న ఈ పద్ధతి మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలకు ముఖ్యంగా 19వ శతాబ్దపు మిషన్లతో చేరింది. పశువుల మధ్య బతుకుతూ, తమను మనుషులుగా గుర్తించని ఊళ్లలో వెలివాడలకు పరిమితమైన కుటుంబాలు దీన్ని ముందుగా అందుకున్నాయి. అందువల్ల ఈ నేలమీద ఆ పోలిక అలంకారంగా మిగిలిపోలేదు, ఒక గుర్తింపు అయింది.

మాటల్లోని చుట్టరికం

తెలుగులో పిల్లలను పెంచుతాం, కుక్కను పెంచుతాం. అనాథ బిడ్డను సాకుతాం, గొడ్డునూ సాకుతాం. రెంటికీ క్రియ ఒక్కటే. ‘పిల్ల’ అన్న మాట ఇంటి బిడ్డకూ చెల్లుతుంది, మందలో పుట్టినదానికీ చెల్లుతుంది. తెలుగు బైబిల్లో విశ్వాసులు దేవుని పిల్లలు, క్రీస్తు దేవుని గొఱ్ఱెపిల్ల. ‘కాపరి’ అన్నది కాచు క్రియకు చెందిన మాట. పశువులు కాసేవాడినీ, ఆపదలో కాచేవాడినీ కలిపి తలపిస్తుంది. కుక్కకు ఉందని మెచ్చుకునే గుణం పేరు విశ్వాసం. దేవుణ్ని నమ్మడానికీ అదే పేరు. 1812లో సెరాంపూర్‌లో మూడు సువార్తలు, 1818లో కొత్త నిబంధన తెలుగులో అచ్చయ్యాక, పోలికకు కావలసిన ఈ చుట్టరికమంతా భాషలో సిద్ధంగానే దొరికింది.

బైబిలు మూలాలు

తల్లిదండ్రుల పోలికలు పాత నిబంధనలోనే దట్టంగా ఉన్నాయి. హోషేయ గ్రంథం 11వ అధ్యాయంలో దేవుడు బిడ్డకు నడక నేర్పే తండ్రి. యెషయా 49, 66 అధ్యాయాల్లో ఆయన ప్రేమకు తల్లి పోలిక. కన్నతల్లి మరచినా తాను మరవనని మొదటిచోట, తల్లిలా ఓదారుస్తానని రెండోచోట చెబుతాడు. సువార్తల్లో యేసు ఆయనను తండ్రిగా పిలిచాడు. రొట్టె అడిగిన కొడుకుకు రాయి ఇచ్చే తండ్రి ఉంటాడా అని ప్రశ్నించాడు. తప్పిపోయిన కుమారుడి కథ ఈ వరుసకు శిఖరం.

జీవాల పోలికలు రెండు రకాలు. మొదటి రకంలో మనిషి జీవం, దేవుడు యజమాని. 23వ కీర్తనలోని కాపరి, యోహాను 10వ అధ్యాయంలోని మంచి కాపరి ఈ కోవలోవి. ఎద్దు తన కామందును, గాడిద తన మేత తొట్టిని ఎరుగుతాయి గాని ఇశ్రాయేలుకు ఆ ఎరుక లేదన్న యెషయా నింద కూడా ఇందులోదే. రెండో రకంలో జీవమే దేవుడికి పోలిక: ద్వితీయోపదేశకాండంలో రెక్కలు చాపే పక్షిరాజు, సువార్తల్లో పిల్లలను రెక్కల కింద చేర్చుకోవాలని తపించే కోడి.

ఇంట్లో పెంచుకున్న జీవం కనిపించే ఘట్టం సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. ఒక పేదవాడి గొఱ్ఱెపిల్ల అతని చేతి ముద్ద తిని, అతని గిన్నెలో తాగి, ఒడిలో పడుకుని కూతురిలా పెరుగుతుంది. దాన్ని ధనవంతుడు లాక్కుంటాడు. ప్రవక్త నాతాను ఈ కథతోనే దావీదు రాజు తప్పును అతని ముందు పెట్టాడు. బిడ్డకూ పెంపుడు జీవానికీ మధ్య గీత చెరిగిపోయే ఈ చోట, పేదవాడి మమకారమే న్యాయానికి కొలత అవుతుంది.

వేదాంత చర్చ

పోలిక ఎంతవరకు నిజమన్నది పాత ప్రశ్న. సృష్టికర్తకూ సృష్టికీ ఎంత పోలిక చెప్పినా, వాటి మధ్య తేడా అంతకన్నా పెద్దదేనని 1215లో జరిగిన నాలుగో లేటరన్ సభ నిర్ణయించింది. అదే శతాబ్దంలో థామస్ అక్వినాస్, దేవుడి గురించి వాడే మాటలు మనిషికి వాడినప్పటి అర్థాన్నే ఇవ్వవు, పూర్తిగా వేరైన అర్థాన్నీ ఇవ్వవు, సామ్యం వల్ల అర్థమవుతాయని వివరించాడు. ఇంగ్లండుకు చెందిన నోరిచ్ జూలియన్ క్రీస్తును తల్లిగా భావించి రాసింది. 1940లో వెలువడిన ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్’లో సి.ఎస్.లూయిస్ దైవప్రేమను మెట్లుగా పోల్చాడు. శిల్పికి తన పనిమీద ఉన్న ప్రేమ, మనిషికి తన కుక్కమీద ఉన్న ప్రేమ, తండ్రికి కొడుకుమీద ఉన్న ప్రేమ, స్త్రీపురుషుల ప్రేమ అందులోని వరుస. కుక్కను కడగడం, శిక్షణ ఇవ్వడం దానికి అప్పటికి బాధే అయినా, అవి దాని బతుకును మెరుగుపరుస్తాయన్నది అతని వాదం.

నేలమీద ముందే ఉన్న పోలికలు

క్రైస్తవం రాకముందే ఈ ప్రాంతానికి ఇలాంటి ఆలోచన తెలుసు. మార్కాపురం చెన్నకేశవాలయం వైష్ణవ క్షేత్రం. దేవుడి రక్షణ గురించి శ్రీవైష్ణవులు రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూనను తల్లే నోట కరచుకుని మోస్తుంది, అది మార్జాలకిశోర న్యాయం. నల్లమలలోని శ్రీశైలం శైవానికి కేంద్రం. అక్కడి సిద్ధాంతంలో జీవుడు పశువు, బంధం పాశం, శివుడు పతి. మనిషి ప్రయత్నమా, దేవుడి కృపా అన్న క్రైస్తవ చర్చ ఇక్కడి చెవులకు పూర్తిగా కొత్తది కాదు.

గుండ్లకమ్మ వెంట

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1836లో మొదలై నెల్లూరులో స్థిరపడింది. 1866లో కనిగిరి ప్రాంతంలోని తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్యకు మిషనరీ లైమన్ జ్యూయెట్ బాప్తిస్మమిచ్చాడు. పేరయ్య మాదిగ, అప్పటికే యోగమార్గంలో సాధన చేసినవాడు. తోలు పని చేసుకునే తన బంధువుల మధ్య ఊరూరా తిరిగి క్రీస్తు వార్త చెప్పాడు. 1867 జనవరి 1న 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. జాన్ ఎవరెట్ క్లౌ దాని నాయకుడు.

1876–78లో ధాత కరువు వచ్చింది. మేత లేక పశువులు చచ్చాయి, తిండి లేక మనుషులు చచ్చారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు బతుకు చూపించాడు. భారం మోసేవారిని రమ్మనే మత్తయి 11వ అధ్యాయపు పిలుపు అక్కడ పదేపదే వినిపించింది. దాని వెంటనే వచ్చేది కాడి పోలిక: సుళువైన కాడి, తేలికైన బరువు. పగలంతా మట్టి మోసిన మెడలకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపే ఏరే అది. తర్వాత మిషన్ ఆ ఏటికి ఎదురుగా పడమటికి నడిచింది. 1882లో కంభం, 1895లో మార్కాపురం మిషన్ కేంద్రాలయ్యాయి. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. ఆ సంఘాలు ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘపు నంద్యాల అధ్యక్ష మండలంలో ఉన్నాయి.

పోలిక మోసిన అర్థం

సంఘంలో చేరేవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఊరి గొడ్డు చస్తే ఎత్తుకుపోవడం, దాని తోలుతో రైతుకు చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టడం మాదిగ కుటుంబాల బాధ్యత. రెండో నియమం పశువుతో వారికున్న ఆ సంబంధాన్నే తాకింది. ఊరివాళ్లు ఎదురు తిరిగి, పని మాన్పించి వేధించిన సంగతులు మిషన్ చరిత్రలో నమోదయ్యాయి.

జీతానికి గొడ్లు కాసే పిల్లవాడి పనిని ఊరు చిన్నచూపు చూసింది. దేవుడే కాపరి అన్న మాట ఆ పనికి గౌరవం తెచ్చింది. ఎండలో తప్పిపోయిన దూడ కోసం కొండవాగుల్లో వెతికినవాడికి, తొంభై తొమ్మిదింటిని విడిచి ఒకదాని కోసం వెళ్లిన కాపరి కథలోని ఆత్రం అనుభవంలో ఉన్నదే. యజమానిని అయ్యా, దొరా అని దూరం నుంచి పిలవాల్సిన నోటికి దేవుణ్ని తండ్రీ అని పిలిచే హక్కు దొరకడం అంతకన్నా పెద్ద మార్పు.

హద్దులు

ఏ పోలికైనా ఒకచోట ఆగుతుంది. కొట్టే తండ్రి ఇంట పెరిగిన బిడ్డకు ‘తండ్రి’ అన్న మాట ఊరటనివ్వకపోవచ్చు. అందుకే తల్లి పోలికలను పక్కన పెట్టకూడదు. గొఱ్ఱెలను కాసేవాడే చివరికి అమ్ముతాడు, కోస్తాడు. యోహాను సువార్తలో ఇది తలకిందులై, కాపరే గొఱ్ఱెల కోసం ప్రాణం పెడతాడు.

అన్నిటికన్నా సున్నితమైనది కుక్క పోలిక. బల్ల కింద పడే ముక్కలు కుక్కపిల్లలైనా తింటాయి కదా అన్న కనాను స్త్రీ జవాబుకు యేసు ఆమె విశ్వాసం గొప్పదని మెచ్చుకున్నాడు. కుక్క అన్న తిట్టును తరతరాలుగా మోసినవారికి ఆ కథ మొదట గుచ్చుకుంటుంది. ముక్కలు దొరకడంతో అది ముగియలేదు, ఆమె కోరినదంతా దక్కింది, ఆమె బిడ్డ బాగుపడింది. 1980ల నుంచి ఎదిగిన దళిత వేదాంతం ఇలాంటి వాక్యాలను దెబ్బతిన్నవారి పక్షం నుంచి చదవాలని పట్టుబడుతోంది. అది న్యాయమైన పట్టు.

సాహిత్యంలో

పొరుగున ఉన్న వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895–1971) తండ్రి యాదవ, తల్లి మాదిగ. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి తన బాధను శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి మూసిన తలుపు ఆ జీవికి తెరిచే ఉంది. తర్వాత ఆయన రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మనిషిని జీవంకన్నా తక్కువగా చూసే లోకంలో దేవుణ్ని ఎలా పిలవాలన్న ప్రశ్నను ‘గబ్బిలం’ సూటిగా అడిగింది. వెల్లంపల్లి దగ్గర ఏట్లో దిగినవారు అంతకు అరవై మూడేళ్ల ముందే తమ జవాబు చెప్పారు. వారు దేవుణ్ని తండ్రీ అని పిలిచారు.