చందా ఆగితే ఏం మిగులుతుంది?

రాజమహేంద్రవరం వాళ్లకి చందా కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ముందు అందులోనే విడతలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. మధ్యలో చందా మానేసినవాడికి తర్వాతి ప్రకరణాలు అందవు, అంతే. అప్పటిదాకా వచ్చిన సంచికలు వాడివే.

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో చందా అలా కాదు. 1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’కి అప్పట్లో ఆట కొన్న ధర కాక నెలకి 9.95 డాలర్లు కట్టాల్సి వచ్చేది. ఆ లోకం ఉండేది మన కంప్యూటర్లో కాదు, కంపెనీ సర్వర్లో. చందా ఆపితే మన పాత్ర, కత్తి, డాలు అన్నీ తాళం వెనక ఉండిపోతాయి. ఇది పత్రిక చందా కన్నా ఇంటద్దెకి దగ్గర.

అద్దె కట్టేవాడు ఎప్పటికో అప్పటికి గదులన్నీ చూసేస్తాడు కదా, అందుకని కొత్త గదులు కట్టాలి. వాటి పేరే ఎక్స్‌పాన్షన్. దాన్ని విడిగా కొనాలి, నెల చందా మామూలే. 2004లో మొదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో పాత్ర 60వ లెవెల్ దాకా ఎదిగేది. 2007 జనవరిలో ‘బర్నింగ్ క్రూసేడ్’ వచ్చి దాన్ని 70 చేసింది. నలభైమంది కలిసి నెలల తరబడి రాత్రుళ్లు మేలుకుని సంపాదించిన కవచాలు చాలావరకు, కొత్త దేశంలో చిల్లర పనులకి ఇచ్చే కవచాల ముందు వెలవెలబోయాయి. ఇంజనీరుగా నాకు ఇది తెలివైన ఏర్పాటే అనిపిస్తుంది: నిన్న చేరినవాడూ, మూడేళ్లుగా ఆడుతున్నవాడూ మళ్లీ ఒకే గీత మీద నిలబడతారు, మానేసినవాళ్లూ తిరిగొస్తారు. కానీ ఆ ఖర్చు పడేది పాతవాడి రాత్రుళ్ల మీద.

కొనసాగింపు ఇలాగే ఉండాలని లేదు. ఇదే ఊళ్లో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఆ ఖాళీ పూరించిన ఎఱ్ఱన నన్నయ ధోరణిలో ఎత్తుకుని, మెల్లగా తిక్కన వైపు జరిగాడు. తనని పోషించినవాడు ప్రోలయ వేమారెడ్డి అయినా, ఆ భాగాన్ని ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. కొత్త రాత వల్ల పాత రాత విలువ పైసా తగ్గలేదు. (భారతానికి నెల చందా లేదు, నిజమే. రాజుగారే కట్టేశారు.)

ఆటల్లో పాత లోకం కావాలన్నవాళ్లు తామే సర్వర్లు పెట్టుకున్నారు. అలాంటి ‘నొస్టాల్రియస్’ లీగల్ నోటీసుతో 2016 ఏప్రిల్లో మూతపడింది. 2019 ఆగస్టులో బ్లిజార్డ్ కంపెనీయే ‘క్లాసిక్’ పేరుతో పాత ఆటని తిరిగి తెరిచింది, అదే చందా మీద. 2021 జూన్‌లో అక్కడికీ ‘బర్నింగ్ క్రూసేడ్’ వచ్చింది. ముందుకు వెళ్తారా, పాత లోకంలోనే ఉంటారా అని ఆటగాళ్లని అడిగారు. ఒకే పాత్రని రెండుచోట్లా ఉంచుకోవాలంటే అదనంగా 15 డాలర్లు.